అది నా ఓడ కాదు

పదిహేనేళ్ల కిందట థర్డ్ ఆఫీసరుగా పనిచేసిన ఓడను గత నెలలో మళ్ళీ ఎక్కాను. అసలు ఓడ ఈపాటికి ఏ తుక్కు రేవులోనో ఇనుప ముక్కలై ఉంటుంది. నేను ఎక్కింది ఒక శిక్షణ కేంద్రంలోని సిమ్యులేటర్. చుట్టూ గోడంతా తెర, ముందు చుక్కాని చక్రం, ఇంజన్‌కు వేగం ఆదేశాలిచ్చే టెలిగ్రాఫ్, రాడార్లు. బూట్లు గుమ్మం దగ్గర విడిచి లోపలికి రావాలి. మేజోళ్ల కాళ్లతో 70 వేల టన్నుల బొగ్గును రేవులోకి తేవడం ఎంత అలవాటైనా నాకు కాస్త నవ్వొస్తుంది.

అక్కడ నేను అప్పుడప్పుడు పాఠాలు చెబుతాను. కొత్తగా చేర్చిన ఓడల జాబితాలో ఒక పనామాక్స్ బల్క్ క్యారియర్ (పాత పనామా కాలువలో పట్టే సైజులో, బొగ్గులాంటి సరుకును గుట్టగా పోసి మోసే ఓడ) వివరాలు చూసి ఆగిపోయాను. పొడవు 225 మీటర్లు, వెడల్పు 32, అదే యార్డు, అదే డిజైను. మా ఓడకు తోబుట్టువన్నమాట. సిమ్యులేటర్ చూసుకునే కుర్రాడు, "అయితే మీ ఓడే సార్, ఒకసారి నడిపి చూడండి" అన్నాడు. నిండా బొగ్గుతో, 14 మీటర్ల డ్రాఫ్ట్‌తో, అంటే నీటిలో అంత లోతు మునిగేలా, పెట్టమన్నాను. రేవు కూడా నాకు తెలిసిన తూర్పు తీరపు రేవు లాంటిదే కావాలన్నాను. బయట 21 మీటర్ల లోతు, తర్వాత తవ్విన కాలువ, అందులో ఓడ అడుగున మీటరున్నరో రెండు మీటర్లో నీళ్లు.

పది నిమిషాల్లోనే ఏదో తేడా తగిలింది. కాలువ ముఖానికి వరస కలపడానికి చుక్కాని కుడికి 10 డిగ్రీలు వేయించాను. ఓడ బరువుగా కదిలి ముక్కు కుడికి తిప్పడం మొదలుపెట్టింది. బాగుంది. చుక్కాని మధ్యకు తెప్పించి, ఎడమకు 10 వేయించాను. తిరుగుడు నెమ్మదించి, ఆగి, కుదురుగా నిలబడింది. నాకు తెలిసిన ఓడ అంత బుద్ధిమంతురాలు కాదు. సరిగ్గా అంత లోతులో, అలాంటి మలుపులోనే, ఒకసారి మా పైలట్ (ఓడను రేవులోకి నడిపించడానికి ఎక్కే ఆ రేవు నిపుణుడు) ఎడమకు 10, ఎడమకు 20, చివరికి ఎడమకు పూర్తిగా వేయించి, ఇంజన్‌ను కాసేపు పెంచితే గానీ తిరుగుడు ఆగలేదు. ఆ నాలుగు నిమిషాలూ మా కెప్టెన్ గారు పైలట్‌తో ఒక్క మాట అనలేదు. మామూలుగా వాతావరణం గురించి కూడా పావుగంట మాట్లాడే మనిషి.

లోపలి కాలువలోకి వచ్చాక మా ఓడ స్వభావం తలకిందులయ్యేది. అడుగున నీళ్లు మరీ తగ్గాక తిరగడానికే మొరాయించేది. తిరిగితే మాత్రం ఇట్టే ఆగేది. తెర మీది ఓడకు ఈ రెండు చోట్ల మధ్య అంత తేడా లేదు. నీళ్లు తగ్గేకొద్దీ అన్నీ ఒకే వరసలో బరువెక్కాయి, అంతే.

"ఇది మా ఓడ కాదు" అన్నాను.

కుర్రాడు నొచ్చుకున్నాడు. "లోతు తక్కువ నీటి ప్రభావం ఆన్‌లోనే ఉంది సార్" అంటూ ఒక కాగితం తెచ్చి చూపించాడు. యార్డు వాళ్లు ఓడను అప్పగించే ముందు చేసిన సముద్ర పరీక్షల ఫలితాలు ఒక పక్క, సిమ్యులేటర్ ఫలితాలు మరో పక్క. మలుపు వృత్తం కొలతల్లో తేడా 4 శాతం లోపే. అంకెలు ఎదురుగా ఉన్నాయి. నా దగ్గర ఉన్నది పదిహేనేళ్ల నాటి జ్ఞాపకం. పైగా ఆ రోజుల్లో నేను ఓడను నడిపినవాణ్ణి కాదు, నడిపేవాళ్ల పక్కన టెలిగ్రాఫ్ దగ్గర నిలబడి ఆదేశాలు రాసుకున్నవాణ్ణి.

ఇంటికొచ్చినా ఆ కాగితం వదల్లేదు. ఒక సిమ్యులేటర్ అసలు ఓడతో సరిపోయింది అంటే ఏమిటి? ఎవరు, దేనితో, ఎప్పుడు సరిపోల్చారు? నెల రోజులుగా దీని మీద చదివినదీ, నాలో నేను వాదించుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను.

వృత్తం కలిస్తే చాలా?

మర్నాడు ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడిగాను. ఆ సముద్ర పరీక్షలు చేసినప్పుడు ఓడ డ్రాఫ్ట్ ఎంత? కుర్రాడు కాగితం తిరగేసి చూసి, కాసేపాగి, "బ్యాలస్ట్ సార్" అన్నాడు.

ఈ రంగంలోని వాళ్లకు ఇది వింతేమీ కాదు. ట్యాంకర్‌కైతే ట్యాంకుల్లో సముద్రపు నీళ్లు నింపి నిండు బరువుతో పరీక్షించవచ్చు. బల్క్ క్యారియర్‌కు యార్డు దగ్గర 70 వేల టన్నుల బొగ్గు ఎవరు తెచ్చిపెడతారు? ఖాళీ ఓడను, బరువు కోసం నింపే బ్యాలస్ట్ నీళ్లతో, వెనుక భాగం కాస్త దిగి ఉండగా నడిపి చూస్తారు. నిండు బరువు ఫలితాలను లెక్కగట్టి రాస్తారు. వెనుక దిగి ఉన్న ఓడ తిన్నగా పోవడానికి ఇష్టపడుతుంది. అదే ఓడ నిండా బొగ్గుతో, ముందూ వెనుకా సమంగా దిగితే తేలిగ్గా తిరుగుతుంది, ఆపడం కష్టమవుతుంది. రెండూ ఒకే ఓడ అనేది రిజిస్టరులో మాటే.

అంటే సిమ్యులేటర్ సరిపోలింది ఖాళీ ఓడతో. నేను నడిపింది నిండు ఓడను. మధ్యలో ఉన్నది ఒకరి అంచనా. ఆ అంచనా మంచిదే కావచ్చు. కానీ "4 శాతం లోపు" అన్న మాట దానికి వర్తించదు.

ఇంకొకటి. ఓడలు ఎలా తిరగాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2002లో ఆమోదించింది. చుక్కాని 35 డిగ్రీలు వేస్తే ఓడ తన పొడవుకు నాలుగున్నర రెట్లకు మించి ముందుకు పోకూడదు, మలుపు వ్యాసం ఐదు రెట్లు దాటకూడదు. చుక్కానిని అటూ ఇటూ మారుస్తూ తిరుగుడు ఎలా ఆగుతుందో చూసే జిగ్‌జాగ్ పరీక్షకూ, హఠాత్తుగా ఆపే పరీక్షకూ హద్దులున్నాయి. వీటన్నిటినీ లోతైన నీటిలో, ప్రశాంతమైన సముద్రంలో, దాదాపు పూర్తి వేగంతో చేయాలి. ఆ ప్రమాణం ఉద్దేశానికి అది న్యాయమే. ఓడకూ ఓడకూ పోలిక తేల్చాలంటే మిగతావన్నీ ఒకేలా ఉండాలి కదా.

సిమ్యులేటర్ ముందు మనం చేసేది ఇందులో ఏదీ కాదు. ఆరు నాట్ల వేగం, అడుగున రెండు మీటర్ల నీళ్లు, పక్కన గట్టు, అడ్డంగా ప్రవాహం, వెనుక టగ్గు (పెద్ద ఓడను లాగే, నెట్టే చిన్న ఓడ). నడిసముద్రంలో 14 నాట్లతో గిరగిరా తిరిగే పని ఎవరికీ పడదు, మనిషి నీటిలో పడితే తప్ప. బాగా తెలిసిన చోట సరిచూసి, ఆ ముద్రతో తెలియని చోట నడుపుతున్నాం. కారు హైవే మీద ఎలా పోతుందో చూసి, పాతబస్తీ సందులో ఎలా వెనక్కి తీయాలో నేర్పినట్టుంది ఇది.

1977 నాటి ట్యాంకర్

లోతు తక్కువ నీటిలో నిజమైన పెద్ద ఓడ ఎలా ప్రవర్తిస్తుందో కొలిచిన పరీక్ష అనగానే పరిశోధకులు ఇప్పటికీ తలచుకునే ఓడ ఒకటుంది. ఎస్సో ఒసాకా. 2,78,000 టన్నుల ట్యాంకర్, 325 మీటర్ల పొడవు, 53 మీటర్ల వెడల్పు. 1977 వేసవిలో మెక్సికో సింధుశాఖలో, టెక్సాస్‌లోని గాల్వెస్టన్ తీరానికి ఆవల, దాన్ని మూడు లోతుల్లో తిప్పి చూశారు. డ్రాఫ్ట్‌కు 4.2 రెట్లు, ఒకటిన్నర రెట్లు, 1.2 రెట్లు.

ఫలితాలు చదువుతుంటే నా ఒళ్లు జలదరించిందని చెప్పడానికి సిగ్గుపడను. అడుగున డ్రాఫ్ట్‌లో 20 శాతమే నీళ్లున్నప్పుడు, అంటే 1.2 రెట్ల లోతులో, మలుపు వృత్తం లోతైన నీటితో పోలిస్తే 75 శాతం దాకా పెరిగింది. 50 శాతం నీళ్లున్నప్పుడు మాత్రం పెద్ద తేడా లేదు. ఇది చాలామందికి తెలిసిందే. నన్ను పట్టుకున్నది మరొకటి. మొదలైన తిరుగుడును ఎదురు చుక్కానితో ఆపగలిగే శక్తి లోతైన నీటి నుంచి ఒకటిన్నర రెట్ల లోతుకు వచ్చేసరికి తగ్గింది. అక్కడి నుంచి 1.2కు వచ్చేసరికి మళ్ళీ పెరిగింది! నీళ్లు తగ్గేకొద్దీ ఒకే దిక్కున మారలేదు. దిగి, మళ్ళీ ఎక్కింది.

14 మీటర్ల డ్రాఫ్ట్‌కు ఒకటిన్నర రెట్లు ఎంత? 21 మీటర్లు. మా పైలట్ ఎడమకు పూర్తిగా వేయించిన చోటు.

అర్ధరాత్రి వేళ ఇది చూసి లేచి నా పాత నోటుబుక్కు వెతికాను. ఆ రోజు ఆదేశాలు అందులో ఉన్నాయి, ఎడమకు 10 నుంచి ఎడమకు పూర్తిగా దాకా, పక్కనే నిమిషాలతో. నేను కలగనలేదు. పొద్దున్నే శిక్షణ కేంద్రానికి వెళ్ళి కాగితం బల్ల మీద పెట్టాలనిపించింది.

కాఫీ తాగేసరికి ఆ ఊపు సగం దిగింది. ఎస్సో ఒసాకా నా ఓడ కాదు. దానికి నాలుగింతల సరుకు, మరో ఆకారం, మరో చుక్కాని. ఒక ఓడ గుణాన్ని ఇంకొక ఓడకు అంటగట్టడమే కదా నేను సిమ్యులేటర్ మీద మోపిన నేరం? ఆ రోజు మా ఓడ ఆగకపోవడానికి అడ్డంగా వచ్చిన ప్రవాహం కారణమై ఉండవచ్చు. పైలట్ ఎదురు చుక్కాని ఆలస్యంగా వేసి ఉండవచ్చు. నోటుబుక్కులో నిమిషాలు ఉన్నాయి గానీ ప్రవాహం లేదు. థర్డ్ ఆఫీసరుకు ఆ రోజు దాన్ని కొలిచే సాధనమూ లేదు.

ఆ 1977 పరీక్షలకు కూడా ఈ తలనొప్పి తప్పలేదు. విశాల సముద్రంలో ప్రవాహం ఒకే తీరుగా ఉండదు. కొలిచిన దారిలోంచి ప్రవాహం వాటాను తీసేసి చూడాలి, ఎంత తీయాలన్నది మళ్ళీ ఒక అంచనా. "అసలు ఓడ" అని మనం గొప్పగా చెప్పుకునే సాక్ష్యం చేతిలోకి వచ్చేసరికే సగం లెక్క కలిసి ఉంటుంది. అయినా ఆ పరీక్షల విలువ తగ్గదు. వాటికి అందని చోటు మాత్రం ఒకటుంది. రేవు కాలువల్లో అడుగున డ్రాఫ్ట్‌లో 10 శాతం నీళ్లుంటే చాలని ఓడలను నడుపుతుంటారు. ఎస్సో ఒసాకాను తిప్పిన అతి తక్కువ లోతు కంటే అది తక్కువ.

రెండు తప్పులు కలిసి ఒక ఒప్పు

సిమ్యులేటర్ లోపల ఓడ అంటే కొన్ని డజన్ల గుణకాలు. పక్కకు జారితే ఎంత బలం, తిరుగుతుంటే ఎంత నిరోధం, చుక్కాని ఎంత నెడుతుంది, ఇలా. 1957లో జపాన్‌కు చెందిన కెన్సాకు నొమొటో ఈ సంసారమంతా రెండే అంకెల్లోకి దించాడు. చుక్కాని వేస్తే ఓడ ఎంత జోరుగా తిరుగుతుందన్నది ఒకటి, ఎంత ఆలస్యంగా స్పందిస్తుందన్నది రెండోది. అంత సులువైన నమూనాలో కూడా ఒక చిక్కు కనిపిస్తుంది. ఓడ స్థిరంగా వృత్తంలో తిరుగుతున్నప్పుడు తెలిసేది మొదటి అంకె ఒక్కటే. ఆలస్యం సంగతి వృత్తం చెప్పదు. జిగ్‌జాగ్ చేయించాలి. వృత్తం చక్కగా కలిసిన ఓడ, తిరుగుడు ఆపేటప్పుడు పూర్తిగా వేరుగా ప్రవర్తించడానికి ఏ అడ్డూ లేదు.

రెండు అంకెలకే ఇలా ఉంటే డజన్ల గుణకాల సంగతి చెప్పాలా? ఎంఐటీ ఆచార్యుడు మార్టిన్ ఆబ్‌కోవిట్జ్ 1980లో ఎస్సో ఒసాకా పరీక్షల నుంచే వెనక్కి వెళ్ళి గుణకాలు రాబట్టే పని చేశాడు. ఈ పద్ధతికి ఒక జబ్బుంది. కొన్ని గుణకాలు జంటగా జారిపోతాయి. ఒకటి ఉండాల్సిన దానికంటే పెరుగుతుంది, దాని జంట అంతకు తగ్గ మేరకు మారుతుంది, మొత్తం మాత్రం కలుస్తుంది. దుకాణంలో ఇద్దరు గుమాస్తాలు చెరొక తప్పు రాసినా సాయంత్రం గల్లాపెట్టె సరిపోయినట్టు. ఆ రోజుకు లెక్క కుదిరింది. మర్నాడు ఒకడు సెలవు పెడితే బండారం బయటపడుతుంది. ఓడ లోతైన నీటి నుంచి కాలువలోకి రావడమంటే ఆ గుమాస్తా సెలవు పెట్టడమే. ఒక గుణకం ఒక లెక్కన, దాని జంట మరో లెక్కన మారతాయి. అప్పటిదాకా ఒకదాన్నొకటి కప్పుకున్న తప్పులు విడిపోతాయి.

నమూనా ఓడలను తొట్టెల్లో పరీక్షించే సంస్థల అంతర్జాతీయ సదస్సు 2002లో ఈ ఎస్సో ఒసాకా మీద ఒక ప్రత్యేక కమిటీ నివేదికను పరిశీలించింది. ఒకే ఓడకు వేరు వేరు ప్రయోగశాలలు ఇచ్చిన గుణకాల మధ్య వ్యత్యాసాలు చిన్నవి కావు. ఒకే ఓడ! అందరూ శాస్త్రవేత్తలే. ఎవరూ అబద్ధం చెప్పలేదు.

తొట్టెలోని చిన్న ఓడ

గుణకాలు ఎక్కువగా పుట్టేది తొట్టెల్లోనే. విశాఖలో ఎన్‌ఎస్‌టీఎల్‌లో 500 మీటర్ల పొడవైన తొట్టె ఉంది. రక్షణ ప్రయోగశాల కాబట్టి దాని గోడను బస్సులోంచి చూడటమే తప్ప నాలాంటివాడు లోపలికి వెళ్ళేది లేదు.

తొట్టెలోని నమూనాకూ సముద్రంలోని ఓడకూ పోలిక తేల్చాలన్న తపన కొత్తది కాదు. ఇంగ్లండ్ ఇంజనీరు విలియం ఫ్రౌడ్ 1871లో బ్రిటిష్ నౌకాదళపు గ్రేహౌండ్ అనే ఓడను యాక్టివ్ అనే మరో ఓడతో లాగించాడు. ముందు ఓడ లేపిన అలలు వెనుక ఓడకు తగలకుండా పక్కకు పొడవైన దూలం కట్టి, దాని చివర నుంచి తాడు వేశాడు. తాడులోని బలం కొలిచి, చిన్న నమూనా చెప్పిన అంకెతో పోల్చాడు. కొంత తేడా మిగిలితే అది ఓడ అడుగు గరుకుదనం వల్ల వచ్చిందని లెక్క చెప్పాడు. నాకు నచ్చింది ఆ చివరి మాట. నమూనా కలిసిందని సంతోషించి ఊరుకోకుండా, మిగిలిన తేడా దేనిదో పేరు పెట్టి చెప్పాడు.

ఆ గరుకుదనం గొడవ ఇప్పటికీ ఉంది, వేరే రూపంలో. అలల లెక్క కుదిరేలా నమూనాను నడిపితే రాపిడి లెక్క కుదరదు. చిన్న ఓడకు పోలికలో రాపిడి ఎక్కువ. అందుకని సొంతంగా నడిచే నమూనాలో ప్రొపెల్లర్ మరింత గట్టిగా తిరగాలి. దాని వెనుకే ఉన్న చుక్కానికి జోరైన నీటి ధార తగులుతుంది. చుక్కాని బలం పెరుగుతుంది. చిన్న ఓడ పెద్ద ఓడ కంటే బాగా మాట వింటుంది. సరిదిద్దే పద్ధతులు ఉన్నాయి, బాగా చేసేవాళ్లూ ఉన్నారు. నేను తెర ముందు చూసిన బుద్ధిమంతురాలికి ఇదే కారణమని అనను, అనడానికి నాకు ఆధారం లేదు. కారణం ఏదైనా కాగితం మీద మాత్రం ఆ ఊసు లేదు.

ఇంకో విచిత్రం. నమూనాలను కంప్యూటర్ లెక్కలతో పోల్చడానికి పరిశోధకులు 2008లోనూ 2014లోనూ కోపెన్‌హాగన్‌లో పెద్ద సమావేశాలు జరిపారు. అందరూ ఒకే ఓడను లెక్కగట్టి ఫలితాలు పక్కపక్కన పెట్టుకోవాలన్నది ఏర్పాటు. చాలా మంచి పని. అందుకు ఎంచుకున్న ఓడల్లో కొరియా సంస్థ గీసిన ట్యాంకర్, కంటైనర్ ఓడ ముఖ్యమైనవి. ఆ రెండూ ఎన్నడూ కట్టలేదు. లెక్కను తొట్టెతో సరిచూడవచ్చు. తొట్టెను సరిచూడటానికి సముద్రంలో ఆ ఓడ లేదు.

పైలట్ తల ఊపితే

మరి సిమ్యులేటర్ తయారుచేసేవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోరు కదా. తక్కువ వేగంలో, లోతు తక్కువ నీటిలో కొలతలు లేనప్పుడు అనుభవజ్ఞులైన పైలట్లను పిలుస్తారు. వాళ్లు నడిపి చూసి, ఇక్కడ ఎక్కువ, అక్కడ తక్కువ అంటే గుణకాలు సర్దుతారు. పైలట్ తల ఊపేదాకా.

అలాంటి ఒక సర్దుబాటుకు నేను సాక్షిని. ఇంజన్ వెనక్కి వేసినప్పుడు ఓడ వెనుక భాగం ఎడమకు జరిగి, ముక్కు కుడికి తిరుగుతుంది. మామూలు కుడిచేతి ప్రొపెల్లర్ (వెనుక నుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరిగేది) ఒక్కటే ఉన్న ఓడలకు సాధారణంగా ఉండే గుణమే. సోమవారం వచ్చిన పైలట్ గారు అది మరీ ఎక్కువగా ఉందన్నారు. తగ్గించారు. బుధవారం వచ్చిన పైలట్ గారు చాలడం లేదన్నారు. ఇద్దరూ పాతికేళ్ల అనుభవం ఉన్నవాళ్లు, ఒకే రేవులో పనిచేసినవాళ్లు. చివరికి సాంకేతిక నిపుణుడు రెండింటికీ మధ్య అంకె పెట్టి, భోజనానికి వెళ్ళిపోయాడు.

పైలట్లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ ఇద్దరిలో ఏ ఒక్కరి చేతిలోనైనా నా ప్రాణం పెడతాను. వాళ్లు చెప్పినవి రెండూ నిజమే అయి ఉండవచ్చు. నిజమైన ఓడలో ఆ జరుగుడు ఏ రోజూ ఒకేలా ఉండదు. డ్రాఫ్ట్, గట్టు, గాలి, ఆ ముందు క్షణం వరకు ఉన్న వేగం, అన్నిటికీ అందులో వాటా ఉంది. తెర మీద అది ప్రతిసారీ ఒకే కొలతలో వస్తుంది. పైగా పైలట్ ఓడను కళ్లతోనే చూడడు. కాళ్ల కింద అదురు, బ్రిడ్జి (ఓడను నడిపే గది) రెక్క మీద చెంపకు తగిలే గాలి, పొగగొట్టం మోత, ఇవన్నీ ఆయన లెక్కలో ఉంటాయి. వాటిని తీసేసిన గదిలో నిలబెట్టి "ఇది నిజంగా ఉందా" అని అడిగితే ఆయన పోల్చేది తన జ్ఞాపకంతో. నా జ్ఞాపకాన్ని నేనే నమ్మలేకపోతున్నానని పైన రాశాను.

నియమాలు ఏమంటాయి? నావికుల శిక్షణను శాసించే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం సిమ్యులేటర్ ప్రవర్తన శిక్షణ లక్ష్యాలకు "తగినంత" వాస్తవికంగా ఉండాలి. ఆ ఒక్క మాటలో ఎంత సరుకైనా పడుతుంది. ఓడలోని పరికరాల పరిమితులనూ, వాటిలో రాగల పొరపాట్లనూ సిమ్యులేటర్ చూపించాలని కూడా ఆ నియమాల్లోనే ఉంది. రాడార్ తప్పు చూపితే ఎలా ఉంటుందో విద్యార్థికి నేర్పాలి. తాను ఎక్కడ తప్పవచ్చో సిమ్యులేటర్ స్వయంగా చెప్పుకోవాలన్న ఆలోచన మాత్రం తట్టినట్టు లేదు.

ఇంత పట్టింపు అవసరమా?

నాతో వాదించిన వాళ్లలో గట్టివాడు నా పాత సహోద్యోగి, ఇప్పుడు కెప్టెన్. "నువ్వు గుణకాలు పట్టుకుని వేలాడుతున్నావు. కుర్రాళ్లు అక్కడ నేర్చుకునేది ఓడ గుణం కాదు. తొందరపడకపోవడం, ముందే ఆలోచించడం, పక్కవాడు తప్పు చేస్తే నోరు విప్పడం నేర్చుకుంటారు. ఓడ కొంచెం అటూ ఇటూ అయితే కొంప మునిగిందా?" అన్నాడు. పైగా ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ దగ్గరున్న పోర్ట్ రెవెల్‌ను గుర్తుచేశాడు. 1960ల నుంచి అక్కడి చెరువులో కెప్టెన్లూ పైలట్లూ 25వ వంతు సైజు ఓడల్లో కూర్చుని నేర్చుకుంటున్నారు. ఆ కొలతలో కాలం ఐదు రెట్లు జోరుగా నడుస్తుంది. ఐదు నిమిషాల మలుపు నిమిషంలో అయిపోతుంది. ఏ పెద్ద ఓడా అలా ఉండదు. అయినా నేర్చుకుని వచ్చినవాళ్లు బాగుందనే అంటారు.

దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. రెండు రోజుల తర్వాత దొరికింది. పోర్ట్ రెవెల్‌లో మోకాళ్లు ముడుచుకుని చిన్న ఓడలో కూర్చున్నవాడికి అది చిన్న ఓడ అని తెలుసు. చెరువు గట్టున చెట్లు కనిపిస్తూనే ఉంటాయి. కాలం జోరుగా పోతోందని మొదటి గంటలోనే ఒళ్లు గ్రహిస్తుంది. సిమ్యులేటర్ గదిలో ఆ వెసులుబాటు లేదు. అలలు అసలు అలల్లా, టగ్గు మీది రంగు అసలు రంగులా ఉంటాయి. బొమ్మ ఎంత బాగుంటే లోపలి లెక్క అంత నిజమనిపిస్తుంది. ఆ రెండింటినీ తయారుచేసినవాళ్లు వేరు వేరు మనుషులు, ఒకరి నైపుణ్యం ఇంకొకరికి పూచీ కాదు.

శిక్షణ వరకు నా మిత్రుడి మాట చాలా మేరకు ఒప్పుకుంటాను. కానీ అవే సిమ్యులేటర్లతో రేవులను కూడా కొలుస్తున్నారు. కొత్త కాలువ ఎంత వెడల్పు ఉండాలి, ఇంకాస్త పెద్ద ఓడను పాత రేవులోకి రానివ్వవచ్చా అని తేల్చేటప్పుడు సిమ్యులేటర్‌లో నడిపి చూడటం ఇప్పుడు మామూలే. కాలువను పది మీటర్లు వెడల్పు చేయాలంటే తవ్వకానికి కోట్లు అవుతాయి. చేయకపోతే ఓడ గట్టును ఢీకొనవచ్చు. అక్కడ "కొంచెం అటూ ఇటూ" అనే మాట నా మిత్రుడు కూడా అనడు. అనలేదు కూడా. విషయం మార్చి పిల్లల చదువుల గురించి అడిగాడు.

కొలతలు ఉన్నాయి, చెరిగిపోతున్నాయి

ఎస్సో ఒసాకా లాంటి పరీక్ష మళ్ళీ చేయాలంటే ఎవరిస్తారు ఓడను? రోజు అద్దె వినగానే యజమాని ఫోన్ పెట్టేస్తాడు. కానీ ఇప్పుడు పెద్ద ఓడ ప్రతిదానిలోనూ ప్రయాణ వివరాలు నమోదుచేసే పెట్టె ఉంటుంది. ఓడ ఉన్న చోటు, వేగం, ముక్కు దిక్కు, చుక్కాని, ఇంజన్ ఆదేశాలు, బ్రిడ్జి మీది మాటలు అన్నీ అందులో పడతాయి. 2014 జులై తర్వాత అమర్చిన వాటిలో 30 రోజుల వివరాలు నిలుస్తాయి. అంటే ప్రతి రేవు ప్రవేశమూ ఒక పరీక్షే. ప్రమాదం జరిగితే దాన్ని తీసి చూస్తాం. జరగకపోతే 31వ రోజున కొత్తది దాని మీద పడుతుంది. పైలట్లు వెంట తెచ్చుకునే పరికరాల్లోనైతే ఓడ దారి ఇంకా సూక్ష్మంగా నమోదవుతుంది.

ఇది మంత్రదండమేమీ కాదు. పెట్టెలో చుక్కాని ఉంది గానీ ప్రవాహం లేదు. టగ్గు తాడులో ఎంత బలం ఉందో లేదు. సిమ్యులేటర్ దారి కలవనప్పుడల్లా "అప్పుడు ప్రవాహం ఎక్కువగా ఉండి ఉంటుంది" అనేస్తే ఎవరూ కాదనలేరు. ఒక ప్రవేశం దేన్నీ రుజువు చేయదు. అదే రేవులో అదే రకం ఓడ యాభై సార్లు వచ్చి, యాభై సార్లూ 21 మీటర్ల దగ్గర సిమ్యులేటర్ కంటే ఆలస్యంగా ఆగితే మాత్రం ప్రవాహం మీద నెట్టడం కష్టం. రేవుల వాళ్లూ, ఓడల యజమానులూ ఈ వివరాలు పంచుకోరు, రేపు ఏ దావాలోనో తమ మీదికే వస్తాయన్న భయం. ఆ భయం అర్థంలేనిది కాదు కూడా.

అంతదాకా నేను కోరేది చాలా చిన్నది. ఓడ బ్రిడ్జి మీద పైలట్ కోసం ఒక కార్డు ఉంటుంది, ఓడ కొలతలు, వేగాలు, చుక్కాని వివరాలతో. సిమ్యులేటర్‌లోని ప్రతి ఓడకూ అలాంటిదే ఇంకొక కాగితం ఉండాలి. ఈ ఓడను ఏ డ్రాఫ్ట్‌తో, ఏ లోతులో, ఏ వేగంలో అసలు ఓడ కొలతలతో సరిచూశారు, తేడా ఎంత. ఎక్కడ తొట్టె కొలతల మీద ఆధారపడ్డారు. ఎక్కడ పైలట్ మాట మీద సర్దారు. ఎక్కడ ఏమీ లేక ఊహించారు. ఫ్రౌడ్ ఓడ అడుగు గరుకుదనం గురించి రాసుకున్నట్టు. తయారీదారుల దగ్గర ఈ వివరాలు కొంతవరకైనా ఉంటాయి. తరగతి గది దాకా రావు.

సిమ్యులేటర్ కుర్రాడికి ఈ ఆలోచన నచ్చింది. ఇద్దరం కూర్చుని మా పనామాక్స్‌కు అలాంటి కాగితం ఒకటి రాశాం. "నిండు బరువు: లెక్కగట్టినది. 21 మీటర్లూ, అంతకు తక్కువ లోతు: సరిచూడలేదు. వెనక్కి నడవడం: ఇద్దరు పైలట్ల సగటు." మూడో వాక్యం రాస్తూ వాడు చాలాసేపు నవ్వాడు. కాగితాన్ని చుక్కాని చక్రం పక్కన అతికించాం. తర్వాతి వారం తరగతిలో ఒక క్యాడెట్ అది చదివి, "మరి 21 మీటర్ల దగ్గర ఎప్పుడు ఎదురు చుక్కాని వేయాలి సార్?" అని అడిగాడు. ఇన్నేళ్లలో ఆ గదిలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నాకు తెలియదని చెప్పి, ముందు తక్కువ చుక్కానితో తిరుగుడు మొదలుపెట్టి చూడమన్నాను.

నిన్న కుర్రాడు ఫోన్ చేశాడు. తనిఖీ బృందం వస్తోందట. గోడల మీద అనవసరమైన కాగితాలు తీసేయమని పైనుంచి చెప్పారట. మనదాన్ని డ్రాయరులో పెట్టాను సార్, గురువారం వాళ్లు వెళ్ళాక మళ్ళీ అతికిస్తాను అన్నాడు.